చావు కబురుకు బొటనవేలు

కలకత్తా భవానీపూర్‌లో టీకొట్టు దగ్గర యూనివర్సిటీ రిజిస్ట్రారు ఆఫీసు పెద్దాయన కనబడగానే లెక్చరరమ్మకు ఒళ్లు మండిపోయింది.

“లైబ్రరీ బిమల్‌దా పోయారు, సాయంత్రం దహనమని స్టాఫ్ గ్రూపులో పెడితే, అందరూ బొటనవేలు ఎత్తి చూపిస్తారా సార్?”

“చదివామని గుర్తు అదేనమ్మా. ప్రతి మెసేజికీ పెట్టి తీరాలని కొత్త నియమాల్లో రాశాం కదా.”

“చావుకి కూడానా?”

“చావు సంగతి కమిటీలో ఎవరికీ తట్టలేదమ్మా.”

“మీరూ పెట్టారు.”

“పెట్టకపోతే చూడలేదనుకోరూ?”

“అయితే చూశారన్నమాట! మరి శ్మశానంలో శవం బండి దగ్గర నాలుగో మనిషి లేక పాడెకి నేను భుజం పట్టానే, అప్పుడెక్కడున్నారు సార్ మీరంతా?”