బంగారం తూకానికి

గడియారాలు బాగుచేసే మేస్త్రి దుకాణం. ఇనుప కొట్టు షావుకారు తన చేతి గడియారం విప్పి, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టాడు.

“ఆయిలింగ్ సంగతి తర్వాత మేస్త్రీ. ముందు వెనక మూత తియ్యి.”

“మూడు నెలల కిందటే తీశా కదన్నా. ఊరికే తీస్తే దుమ్ము పడుతుంది.”

“పడనీ.”

“ఫ్యాను తిరుగుతోంది.”

“ఇదిగో, ఆపేశా. ఇంకేం అడ్డం?”

“అడ్డమేముంది. ముందు కూర్చో. పొద్దున్నే మేకు తొక్కినట్టుంది నీ మొహం.”

“మేకులు అమ్ముకునేవాణ్ణి, మేకు దిగితే ఓర్చుకుంటా. ఇది మేకు కాదు. తియ్యి.”

“తీశా. ఏం చూడమంటావ్?”

“నేను చెప్పడం కాదు. నువ్వు చెప్పు, ఏం కనిపిస్తోంది?”

“మిషను. నడుస్తోంది.”

“ఏ మిషను?”

“స్విస్ మిషనే. డయలు మీద ఏ కంపెనీ పేరుందో ఆ కంపెనీదే.”

“పై డొప్ప, ఈ బంగారు కేసు ఏ కాలందో చెప్పు.”

“పాతది.”

“ఎంత పాతది?”

“పరీక్ష పెడుతున్నావా అన్నా?”

“నిన్న నాకు పెట్టారు. ఆదివారం గడియారాలు పోగేసేవాళ్ళమంతా కలుస్తాం కదా. పై ఊరి నుంచి ఒక బేరగాడు వచ్చాడు. నేను పదేళ్ళుగా వెతుకుతున్న గడియారం ఆయన జేబులో ఉంది. దీనితో మార్చుకుందామన్నాడు. సరేనన్నా. మూత తీశాడు, కంటికి అద్దం పెట్టుకున్నాడు, నవ్వాడు.”

“ఎందుకట?”

“‘కేసు తాతది, మిషను మనవడిది’ అన్నాడు. పాతికేళ్ళు తేడా ఉందట. నంబర్లు పుస్తకంలో వేలుపెట్టి చూపించాడు. ఇది స్టీలు కేసుల్లో వేసే చౌకరకమట. బంగారు కేసులో కంపెనీ వాళ్ళు ఎప్పుడూ పెట్టలేదట. మావాళ్ళు ఏడుగురున్నారక్కడ. ఏ గడియారం కొన్నా ముందు నాకు చూపించి కొనే మనుషులు. ఏడుగురూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఒక్కడు నా మొహంలోకి చూస్తే ఒట్టు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి మేస్త్రీ? కథ చెప్తున్నానా నీకు?”

“వింటున్నా అన్నా.”

“నా దగ్గర అరవై రెండు గడియారాలున్నాయి. అరవై రెండింటి మూతలూ తీసిన చెయ్యి ఒక్కటే. నాకు డయలు తెలుసు, కేసు తెలుసు, బేరం తెలుసు. లోపలి సంగతి నీ కంటికి వదిలేశా. ముప్పై ఏళ్ళు.”

“అంటే నేను మార్చానంటావ్.”

“నేననలేదు. గుమ్మడికాయల దొంగంటే నువ్వే భుజాలు తడుముకున్నావ్.”

“అనకపోతే ఫ్యాను ఎందుకు ఆపావన్నా?”

“సరే, అంటున్నా. ఆ బేరగాడు ఇంకో మాట కూడా అన్నాడు. ‘ఎవరు బిగించారో గానీ మంచి పనివాడు. స్క్రూల తలల మీద గాట్లన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయి’ అన్నాడు. ఈ ఊళ్ళో అలా బిగించేది ఎవరు?”

“నేనే.”

“నీ అంతట నువ్వే నాకు చూపించావ్. ‘మూత వేశాక ఎవరికీ కనపడదు కదా, ఎందుకీ కష్టం’ అంటే, ‘మళ్ళీ తీసేవాడికి కనపడుతుంది’ అన్నావ్. కనపడింది. సాయంత్రంలోగా నా అసలు మిషను ఈ గుడ్డ మీద పెట్టు. లేదా రేపు ఆ ఏడుగురికీ నీ పేరు చెప్తా. ఇక ఈ బల్ల ముందు ఈగలు కూర్చుంటాయి.”

“చెప్పన్నా. కాకపోతే వాళ్ళొక మాట అడుగుతారు.”

“ఏంటది?”

“ఎక్కడ కొన్నావని.”

“పాత సామాన్ల కొట్లో. నీకు తెలుసుగా.”

“నువ్వు చెప్పింది తెలుసు. ఏ కొట్టు?”

“ఏదో కొట్టు. ఏడేళ్ళయింది.”

“కొట్టువాడు?”

“పోయాడుగా. చెప్పాను కదా నీకు.”

“చెప్పావు. ఈ మూత లోపలి వైపు చూడు. ఇటు, దీపం కిందికి రా. గీతలు కనిపిస్తున్నాయా?”

“మాట మార్చకు మేస్త్రీ. రిపేరు చేసినవాళ్ళు గీసుకునే గుర్తులు అవి. ప్రతి పాత గడియారంలోనూ ఉంటాయి.”

“ఎన్నున్నాయి?”

“పదిహేను.”

“చివరి మూడూ నావి. తేదీ, పక్కన చుక్క. మిగతా పన్నెండూ?”

“ఎవరివో. నాకేం తెలుసు.”

“పన్నెండింటి పక్కనా చిన్న కొడవలి ఉంది చూడు. సూదితో గీసింది. అది మా గురువుగారి దుకాణం గుర్తన్నా.”

“నువ్వు దాన్నెప్పుడూ చూళ్ళేదన్నావ్.”

“దేన్ని?”

“అదే... ఆయన గడియారాన్ని.”

“ఆయన గడియారం గురించి నీకెప్పుడు చెప్పాను?”

“ఆయన పోయినప్పుడు. అక్కణ్ణించి తిరిగొచ్చి, ఇదే స్టూలు మీద కూర్చుని ఏడిచావ్. బంగారు గడియారం ఒకటుందన్నావ్. ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు, నన్ను కూడా చూడనివ్వలేదు, రోజూ ఆయనే కీ ఇచ్చుకునేవారు అన్నావ్.”

“ఏడ్చేవాడు నోటికొచ్చింది చెప్తాడు. నువ్వు మంచినీళ్ళు తెచ్చిచ్చావ్. భుజం మీద చెయ్యేశావ్. వాళ్ళ ఇల్లెక్కడని అడిగావ్. గురువుగారి భార్యని పలకరించడానికి వెళ్తావనుకుని, బస్సు దిగాక ఎటు తిరగాలో కాగితం మీద గీసి మరీ ఇచ్చా.”

“ఇప్పుడవన్నీ ఎందుకు మేస్త్రీ?”

“ఇప్పుడు చెప్పన్నా. ఎక్కడ కొన్నావ్?”

“ఆవిడ దగ్గరే. కొన్నా. దొంగతనం చెయ్యలేదు. డబ్బిచ్చి కొన్నా.”

“నెల తిరక్కుండా.”

“నెల తిరిగితే ఇంకొకడు కొనేవాడు. సరుకు మన కోసం కూర్చోదు మేస్త్రీ.”

“ఎలా కొన్నావ్?”

“ఎలా కొంటారు? పద్ధతిగా కొన్నా. కొనడానికి వెళ్ళేటప్పుడు చేతికి గడియారం పెట్టుకోను, అది నా పద్ధతి. గడియారాలు తెలిసినవాణ్ణని ఎదుటివాళ్ళకి తెలిస్తే ధర పెరుగుతుంది. వెళ్ళా, చూశా, బేరమాడా. ఆవిడ ఎవరినో అడగాలి, రేపు రమ్మంది. రెండో రోజు వెళ్ళి తెచ్చుకున్నా.”

“మొదటి రోజు చూసినప్పుడు నడుస్తోందా?”

“నడుస్తోంది. అంటే, ఆగింది.”

“ఏదో ఒకటి చెప్పు.”

“నా చేతిలోకి తీసుకున్నాక ఆగింది.”

“ఎందుకు ఆగింది?”

“వ్యాపారం వ్యాపారమే మేస్త్రీ. నువ్వు మరమ్మతు చేసేవాడివి, నీకు అర్థం కాదు.”

“కీని గోటితో బయటికి లాగావ్. లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, లోపలికి తోస్తే మళ్ళీ కదులుతుంది. టైము సరిచేసుకోడానికి పెట్టిన ఏర్పాటది. నీకా కిటుకు చెప్పిందే నేను.”

“చెప్పావు. చెప్పలేదన్నానా?”

“ముల్లు ఆపి ఆవిడతో ఏమన్నావ్?”

“గుర్తులేదు.”

“ఆవిడకి గుర్తుంది. నాకు చెప్పింది కూడా. నీ నోటి వెంట విందామని.”

“‘ఆయనతో పాటే దీని ఊపిరీ పోయిందమ్మా’ అన్నా.”

“ఇంకా?”

“మిషను చచ్చింది, చెత్తలో వెయ్యడానికి తప్ప పనికిరాదు, బంగారం తూకానికి తీసుకుంటా అన్నా. తూకంలో గురివిందంత తేడా చెయ్యలేదు. ఆ రోజు మార్కెట్ ధర ఏదో అదే కట్టా. కావాలంటే అడుగు.”

“అడిగా. తూకం సరిగ్గానే ఉందంది.”

“చూశావా మరి. నేను చేసింది బేరం. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అంటే గట్టిదే, ఒప్పుకుంటా. కానీ నువ్వు చేసిందేంటి? మీ గురువుగారి భార్య కోసం నా మీద పగబట్టావ్. నమ్మి చేతిలో పెడితే లోపల పేగులు మార్చి పంపావ్. కంచే చేను మేస్తే ఎవడికి చెప్పుకోను? ఆవిడ ఏడాదికోసారి కనపడుతుంది నీకు. నేను వారానికి రెండుసార్లు వస్తా. నీకు జ్వరమొస్తే ఈ షట్టర్ నేను తీసి కూర్చున్నా.”

“కూర్చున్నావు. కాదనను.”

“మరి?”

“నేను మార్చలేదన్నా.”

“స్క్రూలు అబద్ధం చెప్తాయా?”

“చెప్పవు. మొదటిసారి నువ్వు తెచ్చినప్పుడు మూత తీశా. కొడవళ్ళు చూశా. తర్వాత లోపల చూస్తే ఇదే చౌక మిషను. నేను స్క్రూడ్రైవరు ఆనించకముందే గాట్లన్నీ ఒకే దిక్కుకి నిలబడి ఉన్నాయి.”

“అలా బిగించేది నువ్వొక్కడివేనని నువ్వే ఒప్పుకున్నావ్.”

“ఈ ఊళ్ళో.”

“మీ గురువుగారు చేశారంటావా? ఆయన పోయాక కదా నేను వెళ్ళింది. మొదటి రోజు నేను చూసినప్పుడు సెకన్ల ముల్లు పాకినట్టు పోతోంది. దీనిది ఎప్పుడూ అలా లేదు, ఇప్పుడాలోచిస్తే.”

“నేను పని నేర్చుకోడానికి చేరేనాటికే గురువుగారికి చెయ్యి వణుకు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవారు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో ఎవరు పట్టారనుకున్నావ్? ముందు గదిలో ఆయన కూర్చుని గడియారాలు పుచ్చుకునేవారు. వెనక గదిలో ఆవిడ బాగుచేసేది. పేరు ఆయనది, పని ఆవిడది. స్క్రూ ఒకటి వంకరగా వదిలానని నా వేళ్ళ మీద కొట్టింది కూడా ఆవిడే.”

“ఆవిడా? చీర కొంగు తల మీదుగా కప్పుకుని, మాట్లాడితే నేల చూపులు చూసింది నాతో.”

“నేల చూపులు కాదు. నీ బొటనవేలి గోరు చూసింది. కీ లాగుతుంటే చూస్తూనే ఉందట. తిడదామనుకుందట. నువ్వు ఆయన ఊపిరి మాట ఎత్తేసరికి ఆ ఆలోచన మానుకుందట. రేపు రమ్మంది.”

“ఎవరినో అడగాలంది.”

“ఎవరినీ అడగలేదు. బల్ల ముందు కూర్చుంది. నేను వెళ్ళి అడిగితే ఏమందో తెలుసా? ‘బంగారం తూకానికి కొంటానన్నాడు, బంగారం ఇచ్చాను. మిషను చచ్చిందన్నాడుగా, చచ్చినదాంతో ఆయనకేం పని’ అంది. ఖాళీ డొప్ప ఇస్తే బాగోదని, అదే కొలతది ఇంకోటి ఉంటే పెట్టి పంపిందట.”

“నీకు తెలుసు. ఏడేళ్ళు. మూడుసార్లు విప్పి, ఆయిలు వేసి, తుడిచి, నవ్వుతూ నా చేతికి కట్టావ్. ఎంతమందికి చూపించుకున్నా దీన్ని. తమ్ముడనుకున్నా నిన్ను.”

“మూడుసార్లూ అడిగా, ఎక్కడ కొన్నావన్నా అని. మొదటిసారి పాత సామాన్ల కొట్లో అన్నావ్. రెండోసారి ఆ కొట్టు ఎత్తేశారన్నావ్. మూడోసారి కొట్టువాణ్ణే చంపేశావ్. పోయినవాళ్ళని బాగా వాడుకుంటావు నువ్వు.”

“సిగ్గేసి చెప్పలేదు. నీ మొహం చూసి.”

“సిగ్గుపడ్డవాడు ఒకసారి అబద్ధమాడతాడు. ఆవిడ దగ్గర కొన్నానని ఒక్కసారి అనుంటే, లోపల ఏముందో ఆ క్షణమే చెప్పేవాణ్ణి షావుకారు గారూ.”

“గారూ ఏంటి కొత్తగా?”

“ఇదిగో మీ గడియారం. మూత బిగించా. ఇక ఆయిలింగ్‌కి ఇంకో దుకాణం చూసుకోండి. మిగతా అరవై ఒక్కటీ శుభ్రంగా ఉన్నాయి.”

“నిజంగానా?”

“తెరిచి చూసుకోండి.”

“నాకు చూడ్డం రాదని నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఇంకొకడికి చూపిస్తే ఊరంతా తెలుస్తుంది.”

“అది మీ లెక్క. ఆ ఏడుగురికీ నా పేరు చెప్తానన్నారు, చెప్పండి. నేనేం అడ్డురాను.”

“ఎగతాళి చెయ్యకు. సరే, పోనీ. జరిగిందేదో జరిగింది. అసలు మిషను ఎక్కడుంది? అదొక్కటి చెప్పు మేస్త్రీ. ఈసారి పూర్తి ధర ఇస్తా.”

“ఇంకా కొంటారా?”

“ఆవిడ దగ్గరే ఉందా? ఉండదే. రెండు రోజులూ ఆ ఇల్లు నా కళ్ళతో గాలించా. అల్మరా, బల్ల సొరుగు, గోడ గూడు, అన్నీ. నాకు పనికొచ్చే గడియారం ఇంకొక్కటి కనపడలేదు.”

“రెండో రోజు బస్సు పోతుందని కంగారు పడ్డారట.”

“పడ్డా. అదే ఆఖరి బస్సు. అయితే?”

“చేతికి గడియారం లేదు కదా మీకు. పద్ధతి ప్రకారం.”

“లేదు. ఆవిణ్ణి టైమడిగా. చెప్పింది.”

“దేంట్లో చూసి చెప్పింది?”

“చేతికేదో ఉంది. మగవాళ్ళది. పాత స్టీలుది. పట్టీ వదులై మణికట్టు మీద జారిపోతోంది. దాన్నెవడు చూస్తాడు... మేస్త్రీ.”

“ఆ చచ్చిన మిషను చెప్పిన టైముకే షావుకారు గారూ, ఆ రోజు మీకు బస్సు అందింది.”