కొక్కెం దగ్గర చీలిక

నన్ను అందరూ నిప్పక్క అంటారు. వయసు నలభై మూడేళ్లు. పడవలూ, వాటిని కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రెయిలర్లూ అమ్మే షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా, నా అంతట నేనే వచ్చి అధికారిగారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను.

పోయిన నెల ఇరవై రెండున ఫ్యాక్టరీ నుంచి ఆరు కొత్త ట్రెయిలర్లు వచ్చాయి. దించగానే ఒక్కోదాని కిందికీ దూరి చూడడం నా అలవాటు. నాలుగోదానికి, ముందు కొక్కేన్ని పట్టి ఉంచే రేకు దగ్గర, అతుకులో వెంట్రుకంత చీలిక ఉంది. కొక్కెం జారితే ఆపడానికి పెట్టిన గొలుసు కూడా ఆ రేకుకే ఉంది. రేకు ఊడితే రెండూ పోయినట్టే. సుద్దముక్కతో చుట్టూ గీత గీసి యజమానిని పిలిచాను. ఆయన వంగి చూశారు. చూడలేదనడానికి లేదు.

"ఇరవై నిమిషాల పని, అన్నా. గీకేసి మళ్లీ అతుకేస్తాను" అన్నాను.

"ముట్టుకోకు. వాళ్ల తప్పు వాళ్లే దిద్దాలి. మనం చెయ్యి పెట్టామంటే రేపు ఏం జరిగినా మన మెడకే చుట్టుకుంటుంది."

నా ఎదుటే ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. "సరుకు మా గేటు దాటాక చూసుకోవాల్సింది మీరే కదండీ" అన్నాడు అవతలి మనిషి. మూడుసార్లు చేశారు. మూడుసార్లూ అదే మాట. ట్రెయిలర్ షెడ్డు బయట మూలన అలాగే ఉంది. వాన పడి సుద్ద గీత చెరిగింది. మళ్లీ గీశాను. మళ్లీ చెరిగింది.

ఈ నెల మూడున ఈత మాస్టారు వచ్చారు. సరస్సులో ఊరి పిల్లలందరికీ ఈత నేర్పిన మనిషి. నా కూతురికీ ఆయనే నేర్పారు. సొంతంగా చేసుకున్న చెక్కపడవకి ట్రెయిలర్ కావాలన్నారు. మిగతా ఐదూ అప్పటికే అమ్ముడయ్యాయి. యజమాని నాలుగోదాన్నే చూపించారు. నేను గొట్టంతో దాన్ని కడుగుతున్నాను.

"ఏమ్మా, గట్టిదేనా?" అని మాస్టారు నన్నడిగారు.

యజమాని నా వంక చూశారు. నేను గొట్టం చక్రాల మీదికి తిప్పాను. "కొత్తదే కదా మాస్టారూ" అన్నాను.

తొమ్మిదో తేదీ ఉదయం ఆరూ నలభైకి సరస్సు కట్ట మీదికెక్కే వాలు రోడ్డులో పనికి వెళుతున్నాను. పొగమంచులో నా చెప్పులు నాకే కనిపించడం లేదు. ఎదురుగా పైనుంచి పడవ వచ్చింది. ముందు కారు లేదు, పట్టుకున్న మనిషి లేడు, చప్పుడు లేదు. చక్రాలు మంచులో మునిగిపోయి, పడవ ఒక్కటే తెల్లగా తేలుతూ వస్తోంది. మంచు రెండు పక్కలా విడిపోయి దాని వెనక మళ్లీ కలుసుకుంటోంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు భయం వేయలేదు. ఎంత బాగుందో అనుకున్నాను. పక్కకి తప్పుకుని, పెద్దవాళ్లకి ఇచ్చినట్టు దారి ఇచ్చాను.

కారుని పైనే వదిలేసి, దాని వెనకే మాస్టారు పరుగెత్తుకొచ్చారు. నన్ను దాటి, పడవ పక్కనున్న తాడు అందుకున్నారు. "ఆగవే తల్లీ, ఆగవే" అంటున్నారు పడవతో. ఇద్దరూ మంచులో కలిసిపోయారు. ఆ తర్వాత వాలు కింద ఉన్న బేకరీ గోడ దగ్గర చప్పుడైంది. నేను వెళ్లేసరికి ఆయన మోకాలు విరిగి ఉంది. "పడవకేమైనా అయిందా?" అని అడిగారు.

ఎనిమిదిన్నరకి ట్రెయిలర్‌ని వ్యాను మీద, కారుని దాని వెనక షెడ్డుకి తెచ్చారు. యజమాని ఆస్పత్రికి వెళ్లారు. షెడ్డులో నేనొక్కదాన్నే. పాత అతుకు గీకేసి, రేకుని మళ్లీ అతికించాను. తొమ్మిదీ ఐదుకి మొదలుపెట్టి తొమ్మిదీ ఇరవై ఐదుకి ముగించాను. ఇరవై నిమిషాలే పట్టింది. పైన రంగు కూడా వేశాను. నాకెవరూ చెప్పలేదు. దాచాలనీ కాదు. ఆ చీలికని ఇంక చూడలేకపోయాను.

మధ్యాహ్నం తనిఖీకి వచ్చినాయన రేకు గట్టిగానే ఉందని, కొక్కెం సరిగా తగిలించకపోవడమే కారణమని రాసుకున్నారు. "గండం గట్టెక్కించావు నిప్పక్కా" అన్నారు యజమాని. ఆ రోజు నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

నిన్న మాస్టారింటికి వెళ్లాను. కాలికి కట్టుతో మంచం మీద ఉన్నారు. "కారు తాళాలు దాచేశానమ్మా" అంది ఆయన భార్య, చిన్నగా.

"కొక్కెం పెట్టి, గొలుసు తగిలించి, రెండుసార్లు లాగి చూసినట్టే గుర్తు" అన్నారు మాస్టారు. "పెట్టలేదని రాశారట. మతి తప్పుతోంది కాబోలు. ఇక పిల్లల్ని నీళ్లలోకి దింపను."

ఫ్యాక్టరీ బాగుచేయాలా, యజమాని బాగుచేయాలా అన్నది కాగితాలు తేల్చుకుంటాయి. చీలికని చూసింది నేను. అతుకు వేయడం చేతనైంది నాకు. రంగు గీకి చూడండి, కింద ఉన్నది నా అతుకు. ఇందుకు నా పని పోయినా ఫర్వాలేదు.

ఒక్క మాట మాత్రం మాస్టారికి చదివి వినిపించమని కోరుతున్నాను. ఆ రోజు తొమ్మిది గంటలకి, ట్రెయిలర్ నుంచి ఊడొచ్చిన రేకూ, కొక్కెమూ, గొలుసూ మూడూ కారుకే తగిలించి ఉన్నాయి. విప్పింది నేనే. ఎంత గట్టిగా పెట్టారంటే, విప్పడానికి నాకు రెండు చేతులూ సరిపోలేదు, సుత్తితో కొట్టాల్సి వచ్చింది.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట తేదీ తప్పు పడితే దిద్దించాను. మిగిలినది నా నోటి మాటే, నిజమే.

(సంతకం) నిప్పక్క