గడ్డను గడ్డ కట్టిస్తే

స్కానింగ్ గదిలోకి తీసుకెళ్ళే ముందు, ఐస్‌క్రీం కొట్టు పెద్దాయన డాక్టరమ్మను ఆపాడు.

“నా కిడ్నీలో గడ్డను ఏం చేస్తారో ఇంకోసారి చెప్పమ్మా.”

“గడ్డను గడ్డ కట్టిస్తాం బాబాయిగారూ. సన్నటి సూది గుచ్చి మంచులా బిగిసేలా చేస్తాం. కాసేపు కరగనిచ్చి, మళ్ళీ గడ్డ కట్టిస్తాం.”

“అమ్మో, ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ! కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టిస్తే లోపలంతా పలుకులు పలుకులుగా అయిపోతుంది. ఇక పారెయ్యడమే!”

“ఆ గడ్డ అలా పాడవ్వాలనే కదండీ మా తిప్పలన్నీ!”

“ఔను సుమా! పొద్దుట్నుంచీ అనవసరంగా హడలిపోయాను.”

“మరి ఆ నవ్వేమిటి?”

“ఐస్‌క్రీంతో సరిగ్గా ఈ పని చేశాడనే మా బావమరిదిని కొట్లోంచి తరిమేశానమ్మా. కావాలంటే సాయానికి పిలిపిస్తాను. పాడుచెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు!”