మేడం చెప్పిన గది

(సూరత్, 2021 మే నెల, ఆదివారం. ఆల్థాన్‌లో తన ఇంటి నుంచి కౌన్సెలర్ ప్రవల్లిక, సలాబత్‌పురాలో మరమగ్గాల కార్ఖానా మేడమీది గది నుంచి కార్మికుడు అంబదాస్. ఫోన్‌లో.)

"లేదు లేదు, తప్పు నాదే అంబదాస్ గారూ. గురువారం చేస్తానన్నాను. జ్వరం, దగ్గు... ఫోన్ పట్టుకునే ఓపిక కూడా లేకపోయింది."

"అయ్యో మేడం! కరోనానా?"

"తగ్గిందిలెండి. నా సంగతి వదిలేయండి. మీకు నిద్ర పడుతోందా?"

"పడ్తుంది మేడం. మీకు దండం పెట్టాలె. ముప్పై ఏండ్ల సంది నేను గిట్ల పండింది లేదు."

"నిజంగా? లైటు ఆర్పి పడుకున్నారా?"

"ఆర్పే పండిన. తలుపు గూడ ఏసుకున్న."

"చూశారా! తలుపు మూస్తే ఊపిరాడదన్న మనిషి మీరు. నాకెంత సంతోషంగా ఉందో! అంటే పోయిన సోమవారం మనం చేసింది పనిచేసినట్టే."

"మీరు చెప్పినట్టే చేసిన. అచ్చం మీరు చెప్పినట్టే."

"ఏం చేశారో ఒకసారి మీ నోటితో చెప్పండి. చెప్పుకుంటే ధైర్యం ఇంకా గట్టిపడుతుంది."

"ఏమున్నది మేడం... మా చిన్నాయన ఆగయ్య నన్ను నూలు గదిల ఏసి తాళం పెడ్తుండె గదా, పోగు తెగితె చాలు. పదేండ్ల పిలగాన్ని. నేను లోపట ఏడుస్తుంటి, బయట మగ్గాల సాంచెలు దడదడ నడుస్తుండె. ఆ మోతల ఎవలు ఇంటరు?"

"ఊఁ. నిదానంగా."

"మీరేమన్నరు? ఇగ ఇప్పుడు చాబీ నీ చేతిల ఉన్నది, ఆయన్ను గదిల పెట్టు, తాళం నువ్వే ఎయ్యి, నేను మల్ల ఫోన్ చేసేదాంక తియ్యకు అన్నరు. పెట్టిన."

"ఎలా అనిపించింది?"

"తాళం పడ్డంక... నవ్వొచ్చింది మేడం నాకు. తప్పా?"

"తప్పేం కాదు. ఎవరికైనా వస్తుంది. ఆయన ఊరుకున్నాడా?"

"యాడ ఊకుంటడు! మస్తు లొల్లి పెట్టిండు. తలుపు తన్నిండు. మా అవ్వను తిట్టిండు."

"మొదట్లో అలాగే గోల చేస్తారు. మీరు తీయలేదు కదా?"

"తియ్యలే."

"శభాష్."

"రెండో దినం బతిలాడిండు. నీళ్ళియ్యిరా కొడుకా అన్నడు. నాకు పానం గుంజింది మేడం. గ్లాసు ముంచుకొని తలుపు దాంక పోయిన."

"జాలిపడితే మళ్ళీ మీ నెత్తినెక్కి కూర్చుంటాడు. అప్పుడు మీకెవరిచ్చారు నీళ్ళు?"

"గదే అనుకున్న. ఎవలిచ్చిండ్రు? గా నీళ్ళు నేనే తాగిన."

"చాలా పెద్ద పని చేశారు. మీ ఆవిడకు చెప్పారా?"

"గంగవ్వ పిల్లలను తీస్కోని ఊర్లనే ఉన్నది గదా. చెప్పలే. ఇంటే పాపం ముసలోడు అంటది. గోలీలన్న ఇయ్యుమంటది."

"గోలీలేంటి?"

"షుగర్ గోలీలు. సంచి నా దగ్గర్నే ఉండిపాయె."

"ఎవరి సంచి?"

"చిన్నాయనది."

"మీ చిన్నాయన సిరిసిల్లలో కదా ఉన్నాడు! ఇక్కడికి రానే రాడన్నారు!"

"ఉండె. కొడుకు కరోనాతోని పాయె, కోడలు ఎల్లగొట్టింది. ఇగ ఎవలున్నరు? నా దగ్గరికే వచ్చిండు. మీరు సోమారం చెప్పిండ్రు, ఆయన మంగళారం రైలు దిగిండు. దేవుడే తోలిండనుకున్న."

"ఆగండి. ఆగండి అంబదాస్ గారూ. గదిలో పెట్టానంటే... మనసులో కదా? కళ్ళు మూసుకుని, అక్కడో గది ఉందనుకుని..."

"ఈ కార్ఖానల ఎవలు వాడని పాత నూలు గదిల మేడం. కిందనే. బుధారం పొద్దుగాల."

"నేను అనుకోమన్నాను! పెట్టినట్టు అనుకోమన్నాను!"

"సాంచెల మోతల మాట్లాడితిమి గదా. నాకు పెట్టుమన్నట్టే ఇనవడ్డది."

"ఇనవడ్డదా! ఈ నాలుగు రోజుల్లో నీకొక్కసారి కూడా... ఒక్క మెసేజన్నా పెట్టకపోయావా?"

"తియ్యకన్నది మీరే గదా. మీ ఫోన్ కోసమే చూస్తున్న. మీరు చేసినంక అడిగి తీద్దామని."

"తియ్యి! ముందు కిందికి దిగు, తలుపు తియ్యి! నేను అంబులెన్సుకు చేస్తాను. దిగుతున్నావా?"

"దిగుతున్న మేడం. మీరు గాబరా పడకుండ్రి, మీ పానం మంచిగ లేదు."

"నా పానం కాదయ్యా! ఏమంటున్నాడు లోపల? మాట వినిపిస్తోందా? ఆ మగ్గాల మోతలో నీకు..."

"సాంచెలు శుక్కురారం సంది బందే ఉన్నయి. సేటు బంద్ పెట్టిండు. ఇప్పుడు ఈడ చీమ చిటుక్కుమన్న ఇనవడ్తది."

"మరి ఆయన?"

"నిన్న పొద్దుగాల దాంక తలుపు గోకుతున్నట్టు ఇనవడ్డది. గప్పటి సంది చప్పుడు లేదు మేడం. నాకు నయమైందనుకున్న."