జనగామ దాకా నోరు విప్పకు

అరవైతొమ్మిది ప్రత్యేక తెలంగాణ గొడవల్లో రైళ్లు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతున్నాయి. గుంటూరులో నర్సు చదువు ముగించుకుని వచ్చిన కూతురిని జనగామ దవాఖానలో తొలి కొలువుకు చేర్చడానికి మానుకోటలో రైలెక్కిన తల్లికి, బండి ఆగినప్పుడల్లా ప్రాణం పోయి వస్తోంది.

"ఎవలన్న అడిగితే ఏమంటవ్?"

"జనగామ వెళ్తున్నానంటాను."

"గదే వద్దంటున్న. నాలుగేండ్లల్ల నీ మాట మొత్తం ఆంధ్రోళ్ల మాటైంది బిడ్డ. పోతున్న అను."

"నేను మానుకోట పిల్లనేగా అమ్మా, నన్నెవరేం చేస్తారు?"

"గట్ల నీ మొకం మీద రాసున్నదా? మొన్న ఒగ పంతులును మాట ఇనే గద బండ్లకెల్లి గుంజిన్రు."

"సరే అవ్వా. పోతున్న, వస్తున్న, ఏంది, ఎట్ల. చాలా?"

"నవ్వకు."

బండి మళ్లీ ఆగింది. కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు ఎక్కారు. ముందున్నవాడు కూతురి దగ్గర నిలబడ్డాడు.

"ఏడికి పోతున్నవ్ అక్క?"

"జనగామకు పోతున్న తమ్మి. కొలువు దొరికింది."

"మంచిది."

అతను ముందుకు కదిలాక తల్లి కిటికీ వైపు తిరిగింది. కూతురి చూపు మాత్రం అతని మోచేతి మీదే ఉంది. అక్కడ తెగి, రక్తం వేళ్ల దాకా కారుతోంది.

"అయ్యో, ఆగండి బాబూ. ఇలా కూర్చోండి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. కట్టు కడతాను."

అతను వెనక్కి తిరిగాడు. చెయ్యి ఇవ్వలేదు. తలుపు దగ్గరున్నవాళ్లను మెల్లగా పిలిచాడు.

"అన్నా, జర ఇటు రాండ్రి."