ఊరూ పేరూ లేని సిస్టమ్

(కంప్యూటర్ బల్ల ముందు భర్త, గుమ్మంలో భార్య.)

“పోనీ, ఆ ఒక్క ముక్కయినా తీసెయ్యండి.”

“ఏ ముక్క?”

“‘ఇది రాసినవాడు కీబోర్డు వదిలేసి వేరే పని చూసుకుంటే లోకానికి మేలు’ అని బ్లాగులో పెట్టారే, అది.”

“జనానికి నచ్చిందే అది. పొద్దున్నుంచి మూడొందలమంది నవ్వారు.”

“వాళ్ళని నవ్వించడానికి ఒకడి పరువు తియ్యాలా?”

“ఒకడంటే ఎవడు? ఊరుందా, పేరుందా? ఎవడో తీరిగ్గా కూర్చుని సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడు. ఎక్కించి చూసి నాలుగు మాటలు రాయండి సార్ అని పంపాడు. రాశాను. ఇలాంటివి వంద చూశాను. సగం వాటిల్లో మౌసు కూడా కదలదు.”

“దీంట్లో కదిలిందా?”

“రాశాగా.”

“మూడుసార్లు హ్యాంగయిందనీ, డిస్కంతా ఊడ్చిపెట్టిందనీ రాశారు. నిజమేనా?”

“ఇవాళ నీకెందుకివన్నీ? ఎప్పుడైనా చదివావా నేను రాసేవి?”

“ఇవాళ చదివాను. మీ తమ్ముడు ఫోన్ చేశాడు.”

“వాడికేం పని దీంతో?”

“తయారుచేసింది వాడేనండి. నాలుగేళ్ళ నుంచి. తనేనని తెలిస్తే మొహమాటానికి మెచ్చుకుంటారని పేరు దాచాడు. అన్నయ్య బాగుందంటే చాలు వదినా, ఇంకెవరూ చూడక్కర్లేదు అన్నాడు నాతో.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? మీ తమ్ముడంటున్నాను.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“వాడేనని. సిస్టమ్ ఆపబోతే ‘లైటు ఆర్పెయ్యనా?’ అని అడుగుతుంది. చిన్నప్పుడు నేను చదువుకుంటుంటే పక్కమంచం మీంచి వాడు రోజూ అడిగేది అదే. మొదటిరోజే తెలిసిపోయింది.”

“తెలిసి... తెలిసే రాశారా అవన్నీ?”

“వారం రోజులు వాడాను దాన్ని. ఒక్కసారి కూడా హ్యాంగవలేదు. ఒక్కసారంటే ఒక్కసారి.”

“మరి?”

“మరేముంది? ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. నేను మొదలుపెట్టిన సిస్టమ్ ఇంతవరకూ తెరమీద ఒక్క అక్షరం చూపించలేదు. వీడు, నేను ఏబీసీడీలు దిద్దించినవాడు...”

“కడుపుమంటా? సొంత తమ్ముడి మీదా?”

“ఏదో ఒకటి అనుకో. ఏమంటున్నాడు వాడు?”

“ఏమంటాడు, ఒకటే ఏడుపు. మీరు రాసింది చదివి మొత్తం తుడిచేశాడట. నాలుగేళ్ళ పనీ.”

“మొత్తమా? కాపీ ఉంచుకునే ఉంటాడులే.”

“లేదట. అది కూడా తీసేశాడట. మీకు పంపిన పెన్‌డ్రైవ్ ఒక్కటే మిగిలింది. నేనే గుర్తుచేశాను. అప్పుడు కాస్త ఏడుపు ఆపాడు.”

“ఇంకెవరికైనా చూపించాడా? ఆఫీసులో గానీ, స్నేహితులకి గానీ?”

“మీకు తప్ప ఎవరికీ చూపించలేదు.”

“ఎవరికీ?”

“ఎవరికీ చూపించలేదంటున్నానుగా. ఆ పెన్‌డ్రైవ్ ఇటివ్వండి, నేను వెళ్ళి ఇచ్చొస్తాను.”

“అది ఎప్పుడో తుడిచేశానని చెప్పు వాడికి.”

“అదేంటి? మీ చేతిలో ఉన్నదేంటి మరి?”

“ఇదా? ఇది నేను తయారుచేసింది.”