గోదాములో ఖాళీ పెట్టెలు

ఆడిటరుగా పనిచేసే అక్క మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి కుర్చీలో కూలబడింది. ఆడిటింగు శిక్షణకు దరఖాస్తు నింపుతున్న చెల్లెలు తలెత్తి చూసింది.

"ఏంటక్కా, ముఖం అలా పీక్కుపోయింది?"

"ఇవాళ లెక్కలు చూడ్డానికెళ్ళిన ఫ్యాక్టరీ గోదాములో పెట్టెలు విప్పించాను. పై వరసలోనే సరుకుంది, కిందవన్నీ ఖాళీ."

"యజమాని ఏమన్నాడు?"

"చూసీ చూడనట్టు, సరుకంతా ఉందని సంతకం పెట్టమన్నాడు. నా వల్ల కాదన్నాను."

"మంచిపనే చేశావుగా."

"నా సంతకం లేకపోతే ఇక బ్యాంకు అప్పివ్వదు, ఫ్యాక్టరీ మూతపడుతుంది. వచ్చేటప్పుడు గేటు దగ్గర అక్కడ పనిచేసే ఒకావిడ, 'మా పొట్ట కొట్టావు కదమ్మా' అంది. పన్నెండేళ్ళుగా ఏదో ఒక గేటు దగ్గర ఈ మాట వింటూనే ఉన్నానే. ఇంకా అలవాటు కాలేదు."

"ఆవిడకేం చెప్పావు?"

"తప్పు నాది కాదని చెబితే ఆవిడ కడుపు నిండుతుందా? తిట్టడం అయ్యేదాకా నిలబడి విన్నాను."

చెల్లెలు పెన్ను పక్కన పెట్టింది.

"అయితే నన్ను ఈ పనిలోకి రావద్దంటావా?"

"నేనెందుకంటాను? సంతకం పెట్టేసి ఉంటే ఇవాళ నీతో ఈ మాత్రం కూడా మాట్లాడలేకపోయేదాన్ని."

చెల్లెలు లేచి గ్లాసెడు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అక్క తాగేదాకా పక్కనే నిలబడి, అక్క కాళ్ళకున్న చెప్పులు విప్పి, మళ్ళీ వెళ్ళి దరఖాస్తు ముందు కూర్చుంది.